మందాలపర్రులో కేళీల ఏరివేత

ఆ ఏడాది ప్రభుత్వానికి ఏకరూపత మీద మనసు పడింది. ఎలా పడిందో ఎవరికీ సరిగ్గా తెలియదు. పెద్దలెవరో పైదేశానికి వెళ్ళి, అక్కడ చెత్తకుండీలన్నీ ఒకే రంగులో ఉండటం చూసి కళ్ళు చెమర్చి తిరిగొచ్చారని కొందరన్నారు. కారణం ఏదైతేనేం, వేసవి వెళ్ళేసరికి ఆఫీసుల గోడలన్నిటికీ ఒకే గోధుమరంగు పడింది, ఫైళ్ళన్నిటికీ ఒకే వెడల్పు నాడా వచ్చింది, గుమాస్తాలందరూ ఒకే ఎత్తు కుర్చీల్లోకి మారారు. పొట్టివాళ్ళ కాళ్ళు నేలకు ఆనకపోతే కింద పెట్టుకోవడానికి పీటలు మంజూరు చేశారు. పొడుగువాళ్ళకీ ఇచ్చారు, ఏకరూపత కోసం.

ఆ గాలి మందాలపర్రు వరి పరిశోధనా స్థానానికి చేరేసరికి నాట్లు పడి నెల దాటింది. మందాలపర్రు డెల్టాలో కాలవ చివరి ఊరు. అక్కడికి నీళ్ళూ ఆఖరికే వస్తాయి, సర్క్యులర్లూ ఆఖరికే వస్తాయి. కొత్త వరి వంగడాలు పుట్టించే శాస్త్రవేత్త డాక్టర్ ఉందుర్తి కృపామణి సర్క్యులరు చదివి, సంతకం పెట్టి, చెప్పులు చేతపట్టుకుని పొలంలోకి వెళ్ళిపోయింది. గోడల రంగు సంగతే అనుకుంది. మొక్కలకు కూడా వర్తిస్తుందని ఆవిడకు తట్టలేదు.

అయినా ఆవిడ మనసంతా ఆ రోజుల్లో ఒక్క మొక్క మీద ఉంది.

ఆ చుట్టుపక్కల రైతులందరూ వేసేది మందాల సన్నాలు. అన్నం కమ్మగా ఉంటుంది, బస్తా తేలిగ్గా అమ్ముడుపోతుంది, సుడిదోమ వాలిందంటే మాత్రం వారం తిరిగేసరికి చేను మాడి మసవుతుంది. ఆ దోమకు లొంగని వరి ఒకటుంది. బురద ఎర్రలు దాని పేరు, ఉప్పుటేటి గట్ల మీద దాని మానాన అది పెరిగే నాటురకం. దోమ దాని జోలికి పోదు. మనిషీ పోడు, ఎందుకంటే అది నిలబడదు. గుమ్మడి తీగలాగా నేలమీద పాకుతుంది, కోయబోతే గింజ రాలిపోతుంది. దోమను తట్టుకునే జన్యువూ, మొక్కను నేలమీద పాకించే జన్యువూ ఒకే క్రోమోజోము మీద పక్కపక్కనే కూర్చున్నాయి. ఒకదాన్ని పిలిస్తే రెండోది వెంట తయారు. కృపామణి ఏడేళ్ళుగా సన్నాలు తల్లిగా, ఎర్రలు తండ్రిగా సంకరం చేసి వేలాది మొక్కలు పెంచింది. దోమను తట్టుకున్నవన్నీ పాకాయి. నిలబడ్డవన్నీ మాడాయి.

ఆ రెండిటినీ విడదీసే దారి ఒకటుంది గానీ అది మనిషి చేతిలో లేదు. మొక్క పొట్ట దశలో, అంటే కంకి ఇంకా ఆకు తొడుగులోనే దాగి ఉన్నప్పుడు, లోపల పుప్పొడి తయారయ్యే చోట, తల్లినుంచి వచ్చిన క్రోమోజోమూ తండ్రినుంచి వచ్చినదీ పక్కపక్కన చేరి ముక్కలు మార్చుకుంటాయి. రెండు పూసల దండలను తెంపి, ఇటు కొస అటూ అటు కొస ఇటూ ముడేసినట్టు. ఎక్కడ తెగాలో వాటి ఇష్టం. సరిగ్గా ఆ రెండు జన్యువుల మధ్యనే తెగడమంటే రాసిపెట్టి ఉండాలి. ఎట్టకేలకు తెగింది. ఆకు తునకలు పరీక్షకు పంపిస్తే, నాలుగువేల పైచిలుకు మొక్కల్లో ఒకే ఒక్కదానికి దోమను తట్టుకునే జన్యువు ఉంది, పాకే జన్యువు లేదు అని తేలింది. కృపామణి ఆ ఫలితం చదివి గొడుగు మరిచిపోయి వానలో మడికి పరిగెత్తింది. మొక్క నిటారుగా నిలబడి ఉంది, చూడటానికి అచ్చం మందాల సన్నాలే. దాని మొదలుకు ఎర్ర ట్యాగు కట్టి, చాలాసేపు అక్కడే చీలమండలోతు నీళ్ళలో నిలబడిపోయింది. ఇంత సంతోషం ఆవిడకు ఉద్యోగం వచ్చినప్పుడు కూడా కలగలేదు.

సరిగ్గా ఆ తరువాతి వారమే ఏకరూపతా అమలు ప్రత్యేకాధికారి మార్కండేయులుగారు జీపు దిగారు. ఆయన చెడ్డవాడు కాదు. లంచం ముట్టరు, గట్టిగా మాట్లాడరు, టిఫిను ఇంటినుంచే తెచ్చుకుంటారు. అంతకుముందు ప్రభుత్వ ముద్రణాలయంలో ఫారాలన్నిటినీ ఒకే సైజుకు తెచ్చి పేరు గడించారు. ఆ కొత్త సైజులో అప్లికేషను పట్టక జనం వెనకవైపు రాసుకుంటున్నారన్నది వేరే విషయం.

స్థానాధిపతి ఆచార్యులుగారు ఆయన్ని ముందుగా విత్తనపు మడికి తీసుకెళ్ళారు. ఆచార్యులుగారికి రిటైర్మెంటు దగ్గరపడింది. ఎవరు ఏమన్నా తలూపుతూ క్షేమంగా ఒడ్డు చేరాలన్నదే ఆయన ఆశయం. విత్తనపు మడి నిండా మందాల సన్నాలు, పైన బల్ల పరిచినట్టు ఒకే ఎత్తు. మార్కండేయులుగారి ముఖం విప్పారింది. ఇది ఎలా సాధించారని అడిగారు. పొలం పనులు చేయించే మేస్త్రి ఏసుపాదం ముందుకొచ్చి, రకానికి తేడాగా కనపడే మొక్కల్ని కేళీలంటారనీ, విత్తనం కల్తీ కాకుండా వాటిని ఎప్పటికప్పుడు పీకి గేటు బయట పారేస్తారనీ చెప్పాడు. విత్తనపు మడిలో అది సబబైన పనే. అక్కడితో ఆగితే ఈ కథ లేదు.

పక్కనే కృపామణి సంకరపు మడి ఉంది. అందులో మొక్కల్లో ఒకటి నడుమెత్తు, ఒకటి మోకాలెత్తు, ఒకటి నేలమీద పాకుతోంది. కొన్నిటి ఆకులు ఊదారంగు, కొన్నిటికి అప్పుడే పొట్ట, కొన్ని ఇంకా పిలకలు వేస్తున్నాయి. మార్కండేయులుగారు గట్టుమీద ఆగిపోయారు. ఇక్కడ కేళీలు ఎందుకు ఏరలేదని అడిగారు.

"ఇందులో అన్నీ కేళీలేనండి," అన్నాడు ఏసుపాదం, ఉన్నమాట చెప్పే అలవాటు కొద్దీ. "ఏరితే మడే మిగలదండి."

కృపామణి అడ్డం వెళ్ళి, ఇది విత్తనం కోసం వేసిన మడి కాదనీ, రెండు రకాల లక్షణాలు ఎన్ని విధాలుగా కలుస్తాయో చూడటానికే వేశామనీ, తేడాలే తమ పంట అనీ విడమరిచి చెప్పింది. మార్కండేయులుగారు ఓపిగ్గా విని, బ్రీఫ్‌కేసు తెరిచి నిరుటి వార్షిక నివేదిక తీశారు. అందులో అదే సంకరపు మొదటి తరం మొక్కల ఫొటో ఉంది. అన్నీ ఒక్కలాగే ఉన్నాయి.

"డాక్టరుగారూ, నిరుడు మీ ఆధ్వర్యంలోనే ఇంత క్రమశిక్షణ సాధ్యమైంది. ఈ సంవత్సరం ఎందుకు సడలిందో తెలియజేయగలరా?"

"అది మొదటి తరమండి, అంతా ఒకేలా ఉంటుంది. ఇవి వాటి పిల్లలు. పిల్లలు తలోరకంగా పుడతారు. మీ అన్నదమ్ములు మాత్రం ఒకేలా ఉంటారాండి?"

"మేము నలుగురం," అన్నారు మార్కండేయులుగారు. "నలుగురం ప్రభుత్వోద్యోగులమే."

కృపామణి పూసల దండల సంగతి ఎత్తుకుంది. తల్లి క్రోమోజోమూ తండ్రి క్రోమోజోమూ ముక్కలు మార్చుకుంటాయనీ, ఆ మార్పిడి వల్లే ఇన్ని రకాలు వస్తాయనీ చెప్పింది. అందులో తప్పేముందో ఆవిడకు తెలియదు గాని, మార్పిడి అనే మాట చెవిన పడగానే ఆయన పెన్ను బయటికి వచ్చింది. ఎవరి ఉత్తర్వుల మేరకు జరుగుతోందని అడిగారు. ఉత్తర్వులేమీ ఉండవు, వాటంతటవే చేసుకుంటాయని ఆవిడంది. వాటంతటవే అని రాసుకుని, కింద రెండు గీతలు గీసి, ఆయన జీపెక్కారు.

నెల తిరక్కుండా జన్యు మార్పిడుల నియంత్రణ సంఘం ఏర్పడింది. అధ్యక్షులు మార్కండేయులుగారే. సంఘం మొదటి సమావేశంలోనే నిబంధనలు ఆమోదించింది. ముందస్తు అనుమతి లేనిదే ఏ క్రోమోజోమూ మార్పిడికి పాల్పడరాదు. అనుమతించిన మార్పిడి కార్యాలయ వేళల్లో, సంఘ సభ్యుల సమక్షంలో మాత్రమే జరగవలెను. ప్రతి మొక్కా తల్లినుంచి సగం, తండ్రినుంచి సగం లక్షణాలను ఎటువంటి వివక్షకూ తావులేకుండా స్వీకరించవలెను. సగం సగం ఎలాగూ వస్తుందండి, ఏ సగం వస్తుందన్నదే మన చేతిలో లేదు అని కృపామణి చెప్పింది. ఆవిడ వాక్యంలో మొదటి సగాన్ని సంఘం సంతోషంతో నమోదు చేసుకుంది.

అమలు ఎలా అన్నదగ్గర కాస్త చిక్కు వచ్చింది. మార్పిడి కంకి బయటికి రాకముందే, పొట్టలో ఉండగానే అయిపోతుందని తెలిసి సభ్యులు నొచ్చుకున్నారు. పర్యవేక్షణ సౌలభ్యం దృష్ట్యా కంకులను కొంత ముందుగా బయటికి రప్పించడం వీలవుతుందా అని ఆచార్యులుగారిని అడిగారు. పరిశీలిస్తామన్నారు ఆయన. ఈలోగా మడి గట్లమీద కుర్చీలు వేయించి, పొట్ట దశలో ఉన్న మొక్కల మీద కన్నేసి ఉంచడానికి ఇద్దరు గుమాస్తాలను నియమించారు. వాళ్ళు రోజంతా మొక్కల్ని చూసి, సాయంత్రం రిపోర్టు రాసేవాళ్ళు. "నేడు అనుచిత ప్రవర్తన ఏదీ కంటపడలేదు." నిజానికి వాళ్ళ ముందు ఆ పొట్టల్లో ఎంత జరుగుతోందో కృపామణికొక్కదానికే తెలుసు, ఆవిడ నవ్వాపుకుంటూ అటూ ఇటూ తిరిగేది. అప్పటికింకా ఆవిడకు నవ్వొస్తూనే ఉంది.

మార్కండేయులుగారు కళ్ళారా చూడాలన్నారు. కృపామణి ఒక పొట్టకంకి కోసి, దాన్ని మందులో ఉంచి, రంగు వేసి మైక్రోస్కోపు కింద పెట్టింది. ఆయన కళ్ళద్దాలు తీసి వంగి చాలాసేపు చూశారు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. ఇవి ఒకదాన్నొకటి పెనవేసుకుని ఉన్నాయన్నారు. అవునండి, అప్పుడే మార్చుకుంటాయండి అంది ఆవిడ. ఎంతసేపటినుంచి ఇలా ఉన్నాయని అడిగారు.

"నిన్న మందులో వేసినప్పుడే చచ్చిపోయాయండి. చంపకుండా చూడలేం."

ఆయన కళ్ళద్దాలు మళ్ళీ పెట్టుకుని, పక్కనున్న స్టెనోకు చెప్పి రాయించారు. "మరణానంతరం కూడా విడిపోవడానికి సుముఖత చూపలేదు."

జరిగే మార్పిడిని ఆపలేమని సంఘానికి ఆ రోజు అర్థమైంది. ఆపలేనిదాన్ని కనపడకుండా చేయడం సంఘాలకు చేతకాని పని కాదు. పంట పొట్టమీదున్నప్పుడు మంత్రిగారు స్థానాన్ని చూడటానికి వస్తున్నారన్న కబురు కూడా తోడైంది. తల్లినీ తండ్రినీ పోలని మొక్కలన్నీ కేళీలేననీ, వాటిని తక్షణం సమూలంగా తొలగించవలసిందనీ ఉత్తర్వు దిగింది. ఏసుపాదం కూలీలను పెట్టి రెండు రోజులు పీకించాడు. ఊదా ఆకులవీ, గుబురువీ, ముందు పూతకొచ్చినవీ, ఏడేళ్ళ శ్రమంతా కట్టలు కట్టలుగా ట్రాక్టరెక్కి గేటు దాటింది. కృపామణి గట్టుమీద నిలబడి చూసింది, నవ్వు ఆవిడ ముఖంలో ఆ రోజే ఆగిపోయింది. మిగిలినవి కొన్ని వందలు. సగం తల్లిలా నిలబడ్డవి, సగం తండ్రిలా పాకినవి. ఎర్ర ట్యాగు మొక్క తల్లిలా ఉంది గనుక బతికిపోయింది.

ఆవిడ ఇక ఊరుకుంటే లాభం లేదనుకుంది. ఒక పిలకను చీల్చి కుండీలో దాచుకుందామంటే, స్థానంలోని కుండీలన్నిటిలోనూ ఒకే జాతి క్రోటన్లు తప్ప ఇంకేమీ ఉండరాదని ఉత్తర్వు. అంచేత ఆ ఒక్క మొక్కకు మినహాయింపు కోరుతూ అర్జీ పెట్టింది. వెంటనే హెడ్డాఫీసు విచారణకు పిలిచింది. అక్కడ నియంత్రణ సంఘం ముందు ఆవిడ అంతా చెప్పుకుంది. దోమ సంగతి, ఏడేళ్ళ సంగతి, రెండు జన్యువుల మధ్య దండ తెగిన సంగతి. డెల్టాలో దోమ వచ్చిన ఏడు రైతులు ఎలా ఏడుస్తారో కూడా చెప్పింది. సభ్యులు శ్రద్ధగానే విన్నారు. విని, కుర్చీలు కొన్నా చీపుళ్ళు కొన్నా మూడింటిని పోల్చి చూసిగాని ఒకదాన్ని ఎంచుకోని తమ పద్ధతిని గుర్తుచేశారు. అదే లక్షణాలున్న మరో రెండు మొక్కలతో తులనాత్మక పట్టిక జతపరచమన్నారు.

"అలాంటిది ఇంకోటి లేదండి. లేదు గాబట్టే అడుగుతున్నానండి."

"ఇంకోటి లేనిదాన్ని ప్రభుత్వం ఎలా ఆమోదిస్తుందమ్మా?" అన్నారు మార్కండేయులుగారు, నిజంగానే జాలిపడుతూ. "రేపు మిగతా మొక్కల తరఫున ఎవరైనా పక్షపాతమంటే మనం ఏం జవాబు చెబుతాం?"

చివరకు సంఘం మధ్యేమార్గం కనిపెట్టింది. మొక్క చూడటానికి తల్లిలాగే ఉంది కనుక దాన్ని తొలగించనక్కరలేదు. మిగతావాటికి లేని ఎర్ర ట్యాగు దానికి ఉండటం మాత్రం ఏకరూపతకు భంగం, కనుక ట్యాగు తీసివేయవలెను. కృపామణి గుండెలమీద చెయ్యేసుకుంది. ట్యాగు పోతే పోయింది, ఎన్నో వరసలో ఎన్నో కుదురో తనకు కంఠతా వచ్చు. బస్సులో తిరిగొస్తూ చాలారోజుల తరువాత కంటినిండా నిద్రపోయింది.

మర్నాడు పొద్దున మడికి వెళితే వరసలు లేవు. అంటే ఉన్నాయి, కొత్తవి ఉన్నాయి. రోడ్డుకు దగ్గరగా, తాడు పట్టి గీసినట్టు, ఖాళీ అన్నది లేకుండా నిండుగా ఉన్నాయి. పాకే మొక్క మచ్చుకొకటి లేదు. ఏసుపాదం తలగుడ్డ తీసి చేత్తో పట్టుకుని నిలబడ్డాడు.

"మీరొచ్చేదాకా ఆగుదామన్నానండి. మంత్రిగారి కారులోంచి చూస్తే ఖాళీలు కనపడతాయని హెడ్డాఫీసునుంచి ఫోనొచ్చిందండి. రాత్రికి రాత్రే అన్నీ మట్టిగడ్డతో లేపించి ఇక్కడ పెట్టించారండి. చాలకపోతే విత్తనపు మడిలోంచి సన్నాలు తెచ్చి కలిపేశారండి. రెండు రకాలుంటే ఏకరూపం ఎలాగవుద్దని, పాకేవాటినీ పీకించేశారండి."

"పాకేవి తండ్రిలాగున్నవి కదా ఏసుపాదం. తండ్రిలా ఉంటే ఉంచమన్నారుగా."

"తండ్రి కూడా కేళీయేనని తేల్చారండి."

ఎర్ర ట్యాగు మొక్కను ఎక్కడ పెట్టారని ఆవిడ అడిగింది. లేపకముందే ట్యాగు తనచేతే తీయించారనీ, తరువాత ఏది ఎక్కడ పడిందో తనకు తెలియదనీ అతను నేలచూపులు చూస్తూ చెప్పాడు. కృపామణి గట్టుమీద కూలబడింది. మొక్క చావలేదు. కళ్ళెదుటే ఎక్కడో ఉంది. అచ్చం దానిలాగే ఉన్న వేలాది మొక్కల్లో ఉంది. పోయినదాని కోసమైతే ఏడవొచ్చు, ఉన్నదాని కోసం ఎలా ఏడవాలో ఆవిడకు తెలియలేదు. కోపం మాత్రం అరికాళ్ళనుంచి వచ్చింది.

మళ్ళీ అన్ని మొక్కల ఆకులూ పరీక్షకు పంపుదామని చూసింది. ఏకరూపత పరీక్షశాలకూ చేరింది కాబట్టి అక్కడినుంచి మర్యాదైన జవాబు వచ్చింది. మొక్కలన్నీ ఒకేలా ఉన్నట్టు తమ రికార్డుల వల్ల తెలుస్తున్నది, కనుక ఏదైనా ఒక ఆకు పంపవలసింది, దాని ఫలితం అన్నిటికీ వర్తిస్తుంది.

మంత్రిగారు వచ్చారు. మడిని చూసి చేతులు జోడించారు. కెమెరాలవాళ్ళు ఏ మూలనుంచి తీసినా ఒకే ఫొటో వచ్చింది. మార్కండేయులుగారికి శాలువా కప్పారు, ఆచార్యులుగారికి కప్పారు, చివర్లో కృపామణిని కూడా పిలిచి అదే రంగు శాలువా కప్పారు. ఆవిడ శాలువా కింద పిడికిళ్ళు బిగించుకుని, మొదటి వరస నుంచి మొక్కల మొహాలు చూస్తూ నిలబడింది. ఏ మొక్కా తానే అని చెప్పలేదు.

కంకులు బయటపడే వేళకు సుడిదోమ వచ్చింది.

ముందు చుట్టుపక్కల రైతుల చేలల్లో వాలింది. ఆపైన స్థానంలోకి వచ్చింది. ఆ దోమ పంటను వరసగా తినదు, సుడులు సుడులుగా తింటుంది, మడి మధ్యలో గుండ్రంగా ఎండు మచ్చలు పడతాయి. ఆ మచ్చలను చూసి మార్కండేయులుగారు చాలా కలత చెందారు. మందు కొట్టడానికి ఏసుపాదం డ్రమ్ములు సిద్ధం చేశాడు గాని, స్థానంలోని మళ్ళన్నిటికీ ఒకే రోజు ఒకే మోతాదులో కొట్టాలి తప్ప ఒక మడికి కొట్టి ఒక మడికి మానరాదని ఆదేశం వచ్చింది. కొన్ని మళ్ళలో ఇంకా దోమ పడలేదు. పడేదాకా ఆగారు. ఆగినంతలో మచ్చలు పెరిగి పెరిగి ఒకదాన్నొకటి కలుసుకున్నాయి. మడి మొత్తం ఒకే గడ్డిరంగుకు వచ్చేసరికి ఆయన మనసు కుదుటపడింది.

బయట రైతులు చేలల్లోకి గొడ్లను తోలేస్తున్నారు. కృపామణికి వాళ్ళ ముఖాలు చూడాలంటే సిగ్గేసింది. కాని లోలోపల ఇంకో మాట కూడా ఉంది, అది తలుచుకుంటే ఇంకా సిగ్గేసేది. తాను వెతకలేనిదాన్ని వెతకగలిగింది ఈ లోకంలో ఆ దోమ ఒక్కటే. నష్టం అంచనా వేసేవరకూ మడిలోకి ఎవరూ దిగరాదని తాడు కట్టారు. ఆవిడ తాడు బయట నిలబడి, చెయ్యి కళ్ళకు అడ్డం పెట్టుకుని రోజూ చూసేది. ఒకరోజు సాయంత్రం ఎండుగడ్డి మధ్యలో, రోడ్డు వైపునుంచి నాలుగో వరసలో, పచ్చగా ఒక కుదురు కనపడింది. తాడు పట్టుకుని నిలబడి, ఎవరూ చూడకుండా కళ్ళు తుడుచుకుంది.

చూసింది ఆవిడొక్కతే కాదని మర్నాడు తెలిసింది. మార్కండేయులుగారు నష్టం ధ్రువీకరణకు ఆచార్యులుగారితో కలిసి వచ్చి, మడి నలువైపులా తిరిగి, సంతృప్తిగా సంతకం పెట్టబోతూ పెన్ను ఆపేశారు. అంతటా ఒకే విధంగా మాడి, మధ్యలో ఒక్కటి నిలబడి ఉంది. సంపూర్ణ నష్టం అని రాస్తే అది తప్పుడు ధ్రువీకరణ అవుతుంది. పాక్షిక నష్టం అని రాస్తే మడి ఏకరూపంగా లేదని ఒప్పుకున్నట్టవుతుంది. ఆయన నుదురు పట్టుకున్నారు. అది అక్కడ ఎలా మిగిలిందో ఆచార్యులుగారిని అడిగారు. పరిశీలిస్తామన్నారు ఆచార్యులుగారు.

"అదేనండి కేళీ," అంది కృపామణి.

అందరూ ఆవిడ వైపు తిరిగారు. ఆవిడ గొంతు చాలా మామూలుగా ఉంది. ఆ గొంతు అలా ఉంచడానికి ఎంత కష్టపడిందో ఆవిడకే తెలుసు.

"ఏరివేతలో తప్పించుకున్నదండి. నా మడిలోది, నాదే పొరపాటు. అనుమతిస్తే నేనే పీకేస్తాను."

మార్కండేయులుగారి ముఖంలో నిజమైన గౌరవం కనపడింది. ఇన్నాళ్ళకు డాక్టరుగారు ఏకరూపతా ఉద్యమ స్ఫూర్తిని అందుకున్నారని ఆచార్యులుగారితో అన్నారు. తాడు విప్పించారు. కృపామణి చెప్పులు వదిలి దిగింది. మొక్క చుట్టూ రెండు చేతులూ బురదలోకి దించి, వేళ్ళు తెగకుండా, పెద్ద మట్టిగడ్డతో సహా పెకలించి గుండెలకు ఆనించుకుంది. చీరంతా బురదైంది. కంకుల్లో పాలు పోసుకున్న గింజలున్నాయి. ఆవిడ అలా ఎత్తుకుని నడుస్తుంటే ఏసుపాదం తట్ట పట్టుకుని ఎదురొచ్చాడు, ఆవిడ ఇవ్వలేదు. అంత మట్టి ఎందుకని మార్కండేయులుగారు అడిగారు. సమూలంగా తొలగించమని ఉత్తర్వులో ఉందండి, అంది ఆవిడ. ఆయన తలాడించారు.

పీకిన కేళీని స్థానం ఆవరణలో ఉంచరాదు, గేటు బయటికి తరలించి తీరాలి. ఆ నిబంధన అమలు జరిగేలా ఆయన స్వయంగా వెంట నడిచి గేటు తీయించారు. వాచ్‌మన్ సెల్యూట్ కొట్టాడు. వెనక్కి వెళ్ళి ఆయన ధ్రువీకరణ పూర్తిచేశారు. సంపూర్ణ నష్టం, ఏకరీతిగా జరిగినది, ఒక్క మొక్కయినా మిగలలేదు. రాష్ట్రంలో అటువంటి ఏకరూపత సాధించిన తొలి పరిశోధనా స్థానంగా మందాలపర్రుకు అవార్డు ప్రకటించారు.

కృపామణి మొక్కను ఇంటికి తెచ్చి, పెరట్లో ప్లాస్టిక్ బకెట్లో పాతింది. నాలుగు రోజులు ఆకులు వేలాడేసి ఆవిడ ప్రాణం తీసి, అయిదోనాడు తేరుకుంది. కాగితాల ప్రకారం అది లేదు. దాని గింజలకు పుట్టుక లేదు, తల్లిదండ్రులు లేరు, రేపు స్థానం తరఫున దానికి పేరు పెట్టి రైతులకు ఇవ్వడానికి వీల్లేదు. ఆవిడకు ఆ సంగతి తెలుసు, బాధా ఉంది. ఏడేళ్ళ పని తన పేరున ఉండదు. అయినా రైతు విత్తనం చేతికందితే దాని కులగోత్రాలు అడగడు. వచ్చే తొలకరికి తమ్ముడి కౌలుచేను మూలలో ఈ గింజలు చల్లాలనుకుంది, ఆపైన అడిగినవాళ్ళకి దోసెడు దోసెడు ఇవ్వాలనుకుంది.

గింజ గట్టిపడే రోజుల్లో హెడ్డాఫీసునుంచి మెమో వచ్చింది. డెల్టాలో సుడిదోమ వల్ల రైతాంగానికి తీరని నష్టం వాటిల్లిన దృష్ట్యా, ఏడేళ్ళుగా ఆ పనిమీదే జీతం తీసుకుంటూ కూడా దోమను తట్టుకునే వంగడాన్ని ఇంతవరకు ఎందుకు రూపొందించలేకపోయారో డాక్టర్ ఉందుర్తి కృపామణి వెంటనే సంజాయిషీ ఇవ్వవలసిందిగా కోరడమైనది. కింద మార్కండేయులుగారి సంతకం.

ఆవిడ పెరట్లో నిలబడి దాన్ని రెండుసార్లు చదివింది. గోడమీద పిచ్చుకలు బకెట్టు వైపే చూస్తున్నాయి. వరి ప్రజనన శాస్త్రవేత్తలు విలువైన కంకిని పిట్టల పాలు కాకుండా కాగితపు సంచి తొడిగి కాపాడుకుంటారు. ఇంట్లో సంచుల్లేవు. కృపామణి మెమోను పొట్లంలా చుట్టి, అన్నిటికన్నా బరువుగా వంగిన కంకికి తొడిగి, మూతిని గుండుసూదితో బిగించింది. కాగితం మంచి దళసరిది, కోతదాకా ఆగేలాగే ఉంది.